బస్సు యాత్రకు పిల్లలతో బయలుదేరే ముందు



మిరప కోతలు అయిపోయి, బడులకు సెలవులు దగ్గరపడేసరికి మన సంఘములలో రెండు మాటలు వినబడతాయి. ఒకటి పిల్లల వేసవి బైబిలు పాఠశాల. రెండవది, "ఈ సంవత్సరము బస్సు వేయుదమా?" అన్న మాట. ఈ రెండవ దానిని గురించి తెనాలి ప్రాంతమునుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము నా ముందున్నది. పేరు వేయవద్దన్నది గనుక వేయడము లేదు. ఆమె వ్రాసినది క్లుప్తముగా చెబుతాను.

వారి సంఘమువారు మే నెలలో బస్సు మాట్లాడుతున్నారు. గురువారము రాత్రి 10 గంటలకు బయలుదేరి, శుక్రవారము నాగార్జునసాగర్, శనివారము హైదరాబాదులో చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియము, జూ, గోలకొండ. ఆ రాత్రికి మెదక్. ఆదివారము మెదక్ దేవాలయములో ఆరాధన. వెంటనే తిరుగు ప్రయాణము. సోమవారము తెల్లవారేసరికి ఇల్లు. మనిషికి 2,800 రూపాయలు. ఆమెకు ముగ్గురు పిల్లలు. పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, పదునాలుగు నెలల పసిపిల్ల. అత్తగారితో కలిపి ఐదు సీట్లు, అంటే 14,000 రూపాయలు. బాబుకు బస్సు ఎక్కితే వాంతులు. పెద్దపాప మాత్రము కాలెండరులో రోజులు కొట్టివేస్తూ కూర్చున్నది. "అమ్మా, పిల్లలకు ఇటువంటి యాత్రలు మంచివేనా? నాకు పోవాలని ఉన్నది, భయముగాను ఉన్నది. కాదంటే పాప ముఖము చూడలేను" అని ముగించింది.

ముందుగా నా మాట చెప్పేస్తాను. పిల్లలతో బస్సు యాత్ర మంచిదే. మా ఇంటి పిల్లలు పెద్దవారై ఉద్యోగాలకు పోయినా, ఈనాటికీ కూడినప్పుడు మాట్లాడుకొనేది చిన్నప్పుడు సంఘము బస్సులో పోయిన సంగతులే. రైలులో ఎవరి పెట్టెలో వారు కూర్చుంటారు. సొంత కారు మన పల్లెలలో ఎందరికి ఉన్నది? బస్సులో అయితే తెలిసిన ఇళ్ళవారు, పిల్లవాడిని ఒకరు కాకపోతే ఒకరు ఎత్తుకొంటారు, నచ్చినచోట ఆపుకోవచ్చు, సామాను దించి ఎక్కించే బాధ లేదు. కాని ఒక సంగతి ఉన్నది. ఈ యాత్రలను వేసేది పెద్దలు. కమిటీలో కూర్చొని "ఇది కూడ దారిలోనే గదా, ఇది కూడ చూపించి వేయుదము" అని ఒక్కొక్కటి కలుపుతారు. ఇచ్చిన డబ్బుకు ఎక్కువ ఊళ్ళు చూడవలెనని పెద్దలకు ఉంటుంది. ఆరేళ్ళవాడికి అది లేదు. వాడికి ఒక ఏనుగు, ఒక ఐసుఫ్రూటు చాలు.

ఈ ఉత్తరములోని యాత్రనే లెక్కవేసి చూడండి. తెనాలినుండి సాగర్‌కు, అక్కడనుండి హైదరాబాదుకు, మెదక్‌కు, తిరిగి ఇంటికి సుమారు 800 కిలోమీటర్లు. ఆగుతూ పోయే బస్సు గంటకు 40 కిలోమీటర్లకంటె ఎక్కువ సాగదు. అంటే 20 గంటలు సీటులోనే. నాలుగు రాత్రులలో రెండు బస్సులోనే నిద్ర. ఆ 20 గంటలు పదునాలుగు నెలల బిడ్డ ఎక్కడ ఉంటుంది? సీటు తీసికోలేదు గనుక తల్లి ఒడిలో. బస్సులో అందరికి సెలవు దొరుకుతుందిగాని ఆ తల్లికి దొరకదు. ఈ మాట పురుషులు కూడ చదవవలెనని వ్రాస్తున్నాను.

ఇంకొక సంగతి. భారత పురావస్తుశాఖవారి మ్యూజియములకు శుక్రవారము సెలవు. నాగార్జునకొండ మీది మ్యూజియము కూడ వారిదే. సాలార్‌జంగ్ మ్యూజియమునకు కూడ శుక్రవారమే సెలవు, హైదరాబాదు జూకు సోమవారము సెలవు. ఈ యాత్రలో సాగర్ పడినది సరిగ్గా శుక్రవారము! రాత్రంతా కూర్చొని పోయి, లాంచి ఎక్కవలెనని ఉరకలు వేసే పిల్లలకు ద్వీపము మీది మ్యూజియము తలుపులు మూసివున్నవని చెప్పవలసి వస్తుంది. పోనీ ఆనకట్ట చూపించుదమా అంటే, సాగర్ 26 గేట్లు ఎత్తి నీరు దూకే దృశ్యము పటములలో చూసినది మనకు మేలో కనబడదు. పైనుండి వరద వస్తే వానకాలములో గేట్లు ఎత్తుతారు. మేలో కనబడేది ఎండలో కాగిన రాయి, అడుగున నీరు. పెద్దవారు "ఎంత గొప్ప కట్టడము" అంటారు. పిల్లలు "నీళ్ళేవి?" అంటారు. ఇద్దరిదీ న్యాయమే.

ఇప్పుడు వాంతుల సంగతి. బాబును గారాబమువలన అని తిట్టవద్దు. కదులుతున్నామని చెవిలోపలి భాగము మెదడుకు చెబుతుంది, ఎదుటి సీటును చూస్తున్న కళ్ళు కదలడము లేదని చెబుతాయి. ఈ తగవువలన కడుపు తిప్పుతుంది. రెండేళ్ళలోపు పసివారికి ఇది సాధారణముగా రాదు. రెండు మొదలు పన్నెండేళ్ళవారికే ఎక్కువ, తరువాత చాలమందికి తగ్గిపోతుంది. అందుచేత మీ ఇంట్లో చంటిదానికంటె ఆరేళ్ళవాడికే కష్టము ఎక్కువ. వాడిని ముందు భాగములో, కిటికీ ప్రక్కన, దూరముగా ఉన్న చెట్లో కొండో చూసేటట్లు కూర్చోబెట్టండి. వెనుక చక్రాలకు అవతల ఉన్న సీట్లు ఎక్కువ ఎగురుతాయి. మన సంఘాలలో ముందు సీట్లు పెద్దలకు, వెనుక సీట్లు పిల్లలున్నవారికి అని ఒక పద్ధతి ఎందుకు వచ్చినదో నాకు తెలియదు. సంఘపెద్దలు కోపపడకుండ ఉంటే, దానిని తిరగవేయమంటాను.

ఖాళీ కడుపుతో ఎక్కించవద్దు, పూరీలు పెట్టి కూడ ఎక్కించవద్దు. గంట ముందు రెండు ఇడ్డెనులు చాలు. చేతికి ఫోను ఇచ్చి ఊరుకోబెట్టడము ఇప్పుడు అలవాటైపోయింది. వాంతులు వచ్చే పిల్లలకు అది సరిగ్గా చేయకూడని పని. కొంచెము అల్లము, వాసన చూడడానికి నిమ్మకాయ పెట్టుకోండి. తల కిటికీ బయట పెట్టి వాంతి చేసికోనివ్వడము మన దగ్గర చూస్తూనే ఉన్నాము. ఎదురుగా వచ్చే లారీని తలచుకొంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నాలుగు మంచి కవర్లు, తడిగుడ్డ, ఒక జత బట్టలు మీ కాళ్ళ దగ్గర సంచిలో ఉంచండి. బస్సుపైన కట్టిన పెట్టెలో కాదు. మాత్రలు డాక్టరును అడగకుండ ఇవ్వవద్దు. ఈ వాంతుల మాత్రలలో కొన్ని రెండేళ్ళలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడనివి. ప్రక్కింటివారు సగము మాత్ర ఇచ్చారని చంటిదానికి వేయవద్దు.

భోజనము దగ్గర ఒక గట్టి మాట చెప్పవలసి ఉన్నది. ఖర్చు తగ్గుతుందని మనవారు వంట సామానుతోపాటు గ్యాసుబండ కూడ బస్సులో వేసికొంటారు. నేనూ అటువంటి బస్సులలో పోయినదానినే. ఇప్పుడు అయితే ఎక్కను. 2023 ఆగస్టు 26న మదురై స్టేషనులో ఆగివున్న యాత్రికుల రైలుపెట్టెలో గ్యాసుబండవలన మంటలు రేగి తొమ్మిదిమంది చనిపోయారు. ప్రయాణికుల బండిలో గ్యాసుబండ తీసికొని పోవడము చట్టవిరుద్ధము కూడ. మొదటి పూటకు పులిహోర, చపాతీలు కట్టుకొని, తరువాత దిగినచోట సంఘమువారికి ముందుగా ఉత్తరము వ్రాసి, డబ్బు కట్టి వండించుకోవచ్చు. దానివలన మన స్త్రీలు కూడ ఒక పూట కూర్చొని తింటారు. యాత్ర పోయి మూడు రోజులూ ఉల్లిపాయలు కోసి వచ్చిన సహోదరీలను నేను ఎరుగుదును.

రాత్రి ప్రయాణము మాట. రాత్రి పోతే పగలు కలిసివస్తుంది, పిల్లలు నిద్రపోతారు అంటారు. నిజమే, పిల్లలు నిద్రపోతారు. డ్రైవరుకు కూడ నిద్ర వస్తుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెము దగ్గర బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చే బస్సు కల్వర్టును తగిలి మంటలలో చిక్కుకొని 45 మంది కాలిపోయారు. వారిలో చాలమంది నిద్రలో ఉన్నవారే. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి దిగుతున్న యాత్రికుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు, అందులో ఒక పసిబిడ్డ. భయపెట్టడానికి వ్రాయడము లేదు. బస్సు మాట్లాడేటప్పుడు మనము బేరము ఆడేది కిలోమీటరుకు ఎంత, టీవీ ఉన్నదా, పాటల పెట్టె ఉన్నదా అని. అడగవలసినది ఫిట్‌నెస్ కాగితము, పర్మిట్టు, భీమా చూపించమని. ఇద్దరు డ్రైవర్లా, ఒకరా అని. చట్టము ప్రకారము సాధారణముగా డ్రైవరుకు రోజుకు 8 గంటల పని. గురువారము రాత్రంతా నడిపినవాడిచేత శుక్రవారము సాయంత్రము మళ్ళీ నడిపిస్తే ఆ చట్టము ఏమైనట్లు? ఎక్కగానే అత్యవసర ద్వారము ఎక్కడున్నదో, అద్దము పగులగొట్టే సుత్తి ఎక్కడున్నదో పిల్లలకు చూపించండి. వారు మనకంటె త్వరగా గుర్తు పెట్టుకొంటారు. ఆ ద్వారానికి అడ్డముగా బియ్యము మూటలు పెట్టనివ్వకండి.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవలెను. చాల ఏండ్ల క్రిందట మా సంఘము బస్సు యాత్రలో మనుష్యులను లెక్కపెట్టే పని నాది. టీచరమ్మ గదా, లెక్క బాగా వచ్చునని అప్పగించారు. ఒక రాత్రి టీ హోటలు దగ్గర ఆగాము. మళ్ళీ ఎక్కాక నేను తలలు లెక్కపెట్టలేదు. "అందరు వచ్చినట్లేనా?" అని కేక వేశాను. "వచ్చాము" అన్నారు. ఏడెనిమిది కిలోమీటర్లు పోయిన తరువాత మా తమ్ముడి భార్య లేచి, బాబు ఏడి అన్నది. ముందు సీట్లలో పినతల్లి దగ్గర ఉన్నాడని ఆమె అనుకొన్నది. వెనుక తల్లి దగ్గర ఉన్నాడని పినతల్లి అనుకొన్నది. వాడికి ఐదేళ్ళు. బస్సు త్రిప్పడానికి చోటు దొరకక ఇంకొంత దూరము పోవలసి వచ్చింది. ఆ దారి ఎంత పొడుగో నేను ఇప్పటికీ చెప్పలేను. వెళ్ళేసరికి హోటలు యజమానురాలు వాడిని బల్లమీద కూర్చోబెట్టి బన్ను తినిపిస్తున్నది. వాడు ఏడవనుకూడ లేదు. ఏడ్చినది మేము. మా తమ్ముడి భార్య నన్ను ఒక్క మాటకూడ అనలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

అప్పటినుండి నేను ఎక్కిన ఏ బస్సులోనైనా ఒక పద్ధతి పెడుతున్నాను. కేకలు లేవు. ప్రతి పిల్లవాడికి ఒక పెద్ద మనిషి పేరు కాగితము మీద వ్రాసి ఉంటుంది. బస్సు కదిలేముందు పేరు పిలిస్తే ఆ పెద్ద మనిషి పిల్లవాడి చెయ్యి ఎత్తి చూపించవలెను. ఫోను నంబరు పిల్లల జేబులో చీటీమీద, చిన్నవారికి చేతిమీద పెన్నుతో. డ్రైవరుకు తొందర ఉంటుంది, ఉండనివ్వండి.

మరుగు విషయము కూడ స్త్రీలము మనమే మాట్లాడుకోవలెను. మగవారు ఎక్కడైనా దిగుతారు. పెద్దపిల్లలు, తల్లులు నీళ్ళు త్రాగకుండ బిగబట్టుకొని కూర్చొంటారు. మే నెల ఎండలో అది జబ్బు తెచ్చే పని. రెండు గంటలకొకసారి పెట్రోలు బంకు దగ్గర ఆపమని ముందే ఒప్పించుకోండి. పదకొండేళ్ళ పాప ఉన్న తల్లి తన సంచిలో కావలసినవి పెట్టుకొని పోవడము మంచిది. వయస్సు వచ్చే పిల్ల బస్సులో అందరి మధ్య కంగారు పడకూడదు.

డబ్బు సంగతికి వస్తాను. 14,000 రూపాయలు కూలికి పోయే ఇంటికి చిన్న మొత్తము కాదు. అప్పు చేసి యాత్ర పోవద్దని నా అభిప్రాయము. అద్దె బస్సులో ఆరేళ్ళవాడికి పూర్తి సీటు కట్టించుకొంటున్నారు. ఆర్టీసీలో ఐదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు, ఐదు నుండి పన్నెండేళ్ళవారికి అరటిక్కెట్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15నుండి ఆ రాష్ట్రపు స్త్రీలకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో, రాష్ట్రము లోపల, ఉచిత ప్రయాణము ఉన్నది. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. తెనాలివారు ప్రొద్దున్నే బయలుదేరితే బాపట్ల మీదుగా సూర్యలంక సముద్రము చూసి చీకటిపడేలోపల ఇంటికి రావచ్చు. ఆ లెక్కన మీ ఇంట్లో టిక్కెట్టు మీ వారికి ఒకటి, బాబుకు అర. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి, అంతే. మొదటిసారి దూరము పోవడానికి ముందు ఇటువంటి ఒక రోజు ప్రయాణము చేసి చూస్తే, బాబు ఎంతవరకు తట్టుకోగలడో కూడ తెలుస్తుంది.

అయినా సంఘమువారందరు పోతుంటే మీరొక్కరే ఆగిపోవడము కష్టమని నాకు తెలుసు. అందుచేత మీ పెద్దల దగ్గరకు పోయి అడగమంటాను. మీరు అడగలేకపోతే అయ్యగారి భార్యచేత అడిగించండి. గురువారము రాత్రి కాక శుక్రవారము తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరండి. సాగర్‌ను ఈసారి వదలివేసి నేరుగా హైదరాబాదు చేరితే మధ్యాహ్నమునకు పిల్లలు స్నానము చేసి పడుకొంటారు. శనివారము ప్రొద్దున తలుపులు తీయగానే జూ. ఎండ ఎక్కితే జంతువులు నీడలో పడుకొంటాయి, పిల్లలకు వీపులే కనబడతాయి. చార్మినారును బస్సులోనుండి చూపించండి. గోలకొండ మెట్లు మే ఎండలో చంటిపిల్లతో ఎక్కవలసిన పని లేదు. మధ్యాహ్న భోజనము చేసి మెదక్ బయలుదేరితే, 100 కిలోమీటర్లే గనుక, వెలుగు ఉండగానే చేరతారు. ఆదివారము ఆరాధన, భోజనము అయ్యాక బయలుదేరి, రాత్రికి సూర్యాపేట ప్రాంతములో ఎక్కడైనా బస చేసి, సోమవారము మధ్యాహ్నమునకు ఇల్లు చేరండి. ఒక రాత్రి బస ఖర్చు పెరుగుతుంది, సాగర్ ఖర్చు తగ్గుతుంది. జనవరిలో సంక్రాంతి సెలవులకు వాయిదా వేస్తామంటే మరీ మంచిది. ఎండ ఉండదు, చంటిపిల్ల అప్పటికి నడుస్తుంది.

వారు దేనికీ ఒప్పుకోక, రెండు రాత్రులూ బస్సులోనే అంటే, నా సలహా వేరు. పెద్దపాపను తండ్రితోను నాయనమ్మతోను పంపండి. పదకొండేళ్ళ పిల్లకు ఆ కష్టము కష్టముగా తోచదు. మీరు బాబుతో, చంటిదానితో ఇంట్లో ఉండి, వారు లేని ఆ రోజులలో మీ పుట్టింటికి పోయి రండి. మూడు సీట్లకు 8,400 రూపాయలు అవుతుంది, మిగిలిన 5,600 జూన్‌లో పుస్తకాలకు ఉంటుంది. పాప వెళ్ళనూ వెళుతుంది. మీరు కూడ కొంచెము నిద్రపోతారు.

మెదక్ చేరినవారికి ఒక్క మాట. ఆ దేవాలయము కరవు రోజులలో ఆకలిగా ఉన్నవారికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించినది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురము సుమారు 175 అడుగులు. పిల్లలు దానిని చూసి నోరు తెరుస్తారు, కాని అసలు చూడవలసినది లోపలి రంగు అద్దాల కిటికీలు. పుట్టుక, సిలువ, ఆరోహణము మూడు కిటికీలలో ఉన్నాయి. బయట వెలుగు ఉంటేనే ఆ బొమ్మలు కనబడతాయి, ప్రొద్దుగూకితే నల్లటి అద్దాలే. మా బస్సు ఒకసారి నాలుగు ఊళ్ళు తిప్పి రాత్రి ఏడున్నరకు అక్కడ దించింది, తెల్లవారక ముందే మళ్ళీ ఎక్కించింది. మా మనుమరాలు ఆ కిటికీల సంగతి దారి పొడుగునా అడుగుతూ వచ్చి, నల్లటి అద్దము చూసి తిరిగి వచ్చింది. మీ పాపను ఆదివారము ఆరాధన అయ్యాక బలిపీఠము వెనుక కిటికీ ఎదుట కొంచెము సేపు నిలబెట్టండి. బస్సు హారను కొట్టినా రెండు నిమిషములు ఆగమనండి. ఏమి చూసిందో పాపచేత నాకు ఒక కార్డు వ్రాయించండి.